ఒక మీట, రెండర్థములు



శబ్దార్థవిచారమున మొదట చెప్పెడి యుదాహరణ మొకటి కలదు. యజమానుడు ‘సైంధవము తెమ్ము’ అనెను. ఆ శబ్దమునకు ఉప్పనియు గుఱ్ఱమనియు రెండర్థములు. భోజనవేళ నైనచో సేవకుడు ఉప్పు తేవలయును. ప్రయాణవేళ నైనచో గుఱ్ఱమును తేవలయును. మాట యొక్కటియే; అర్థమును నిర్ణయించునది ప్రకరణము. నలువది యేండ్లు బడిలో నేను చెప్పిన యీ పాఠమును ఒక ల్యాప్‌టాపు నాకు మరల నేర్పినది.

నిద్రపుచ్చిన యంత్రమును లేపుటకై పవరు మీట నొక్కితిని. తెర వెలిగెను, మరుక్షణముననే యంత్రము పూర్తిగా ఆరిపోయెను. భద్రపరుపక విడిచిన వ్యాఖ్యానపుటలు నశించినవి. నేను ‘లెమ్ము’ అంటిని; అది ‘ఆరిపొమ్ము’ అని గ్రహించెను. భోజనమునకు గుఱ్ఱము వచ్చినట్లయినది!

ఇంజనీరైన నా పూర్వశిష్యు డొకడు కారణమును వివరించినాడు. మీటకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ డ్రైవరను ప్రోగ్రాము దుబాసివలె నుండును. మెలకువలో మీట నొక్కినచో అది ఆ వార్తను పైకి విన్నవించును. పై ప్రోగ్రాములు యంత్రము నాపును. నిద్రలో నొక్కినప్పుడును అదే విన్నపము పంపినచో, లేచిన యంత్రము వెంటనే ఆరిపోవును.

లినక్స్‌లోని ఏసీపీఐ మీటల డ్రైవరు దీని నిట్లు పరిహరించును. నిద్రకు ముందు కెర్నెలు డ్రైవర్లకు ఆ సంగతి తెలుపును. అప్పుడీ డ్రైవరు తనలో నొక గుర్తు పెట్టుకొనును. నొక్కిన వార్త రాగానే ఆ గుర్తును చూచును. గుర్తున్నచో, మేల్కొనవలసినదని కెర్నెలునకు మాత్రము తెలిపి, ఆ నొక్కును పైకి పంపక మ్రింగివేయును. మేల్కొనిన పిమ్మట గుర్తును తుడిచివేయును. 2013లో లినక్స్ 3.9తో వచ్చిన తేలికనిద్రలో ప్రాసెసరు ఆరిపోక ఊరకుండును గనుక, నిద్రలోని నొక్కులను డ్రైవరే వినును. కావున ఈ వివేక మచట మిక్కిలి యవసరము.

ఇంకొక సూక్ష్మము కలదు. మీట నొక్కుట క్రియ. అది ముగిసినది, మ్రింగినను దోషము లేదు. మూత తెఱచియుండుట స్థితి, అది కొనసాగుచున్నది. దానిని మఱచినచో, తెఱచిన మూతను మూసినదిగా నెంచి యంత్రము మరల నిద్రింపవచ్చును. అందుచేత డ్రైవరు లేచిన వెంటనే మూత స్థితిని మరల విచారించి తెలుపును.

పోయిన పుటలను తిరిగి వ్రాయుటకు నాకు రెండు వారములు పట్టినవి. నాటినుండి యంత్రమును నిద్రపుచ్చుటకు ముందు వ్రాతను భద్రపరచుచున్నాను. మీరును అట్లే చేయుదురు గాక.