వానకాలములో సైకిలు చైను సంరక్షణ

తొలకరి పడినది మొదలు నాట్లు ముగియువరకు రైతునకు సైకిలుతో పని ఎక్కువ. నారుమడికి నీరు చూచుటకు, ఎరువు బస్తా తెచ్చుటకు, పాలు కేంద్రమునకు చేర్చుటకు పలువురికి సైకిలే ఆధారము. కాలువగట్ల మీది రేగడి బురద చైనుకు పట్టునది కూడ ఈ దినములలోనే. బస్తాతో గట్టు ఎక్కుచుండగా చైను తెగినచో ఆ పూట పని చెడుటయే గాక, పడి దెబ్బ తగులు ప్రమాదము కూడ కలదు.

చైను ఎందుకు అరుగును?

చైను అరుగుదల పైకి కనబడదు. పక్కరేకులను కలుపు పిన్నుల వద్ద, రోలర్ల లోపల అది జరుగును. వాననీరు లోపలి నూనెను కడిగివేయగా సన్నని ఇసుక అందు చేరును. చాలమంది బురదతోనున్న చైనుపైననే నూనె పోయుదురు. ఇది పొరపాటు. నూనె, ఇసుక కలిసి సానపొడి వలె పనిచేసి పిన్నులను అరగదీయును. కావున మొదట శుభ్రము చేసి, ఆ తరువాతనే నూనె వేయవలెను.

చేయవలసిన పద్ధతి

1. ఇంటికి రాగానే, బురద ఎండక మునుపే, చెంబెడు నీటితో చైనును కడుగవలెను. చక్రముల ఇరుసులలోనికి నీరు పోనీయరాదు.

2. చైనును పాతగుడ్డతో పట్టుకొని, పెడలును వెనుకకు త్రిప్పుచు తుడువవలెను. నల్లని జిడ్డు పేరుకొన్నచో డీజిలులో ముంచిన పాత బ్రష్షుతో రుద్ది, బాగుగా ఆరనీయవలెను.

3. ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క చుక్క నూనె వేయవలెను. పంపుసెట్టు ఇంజనుకు పోయు కొత్త నూనె ఇందుకు చాలును.

4. పెడలును ఇరువది చుట్లు త్రిప్పి, కొంతసేపు ఆగి, పైనున్న నూనెను తుడిచివేయవలెను. పైన మిగిలిన నూనె మట్టిని పట్టుకొనును.

వంటనూనె, కొబ్బరినూనె వాడరాదు. అవి క్రమముగా జిగురుగా మారును. ఇంజను నుండి తీసిన నల్లనూనెలో ఇనుప రజను ఉండును. డీజిలు శుభ్రపరచుటకే గాని నూనెకు బదులు పనికిరాదు. చక్రపు రిమ్ముపై నూనె పడినచో బ్రేకు పట్టదు, వెంటనే తుడువవలెను. ఎరువు బస్తా తెచ్చిన దినమున చైనుపై రాలిన ఎరువును తప్పక కడుగవలెను. అది చెమ్మను పీల్చి ఇనుమును తినివేయును.

ఎప్పుడు మార్చవలెను?

ఒక పిన్ను నడుమ నుండి ఆవలి 24వ పిన్ను నడుమ వరకు కొలిచినచో కొత్త చైను 12 అంగుళములుండును. అది అంగుళములో 8వ వంతు పెరిగినచో చైను మార్చవలెను. జాగు చేసినచో పళ్లచక్రము, ఫ్రీవీలు కూడ అరిగి ఖర్చు పెరుగును.

తడిసిన ప్రతిసారి తుడుచుట, వారమునకొకసారి నూనె వేయుట అలవాటు చేసుకొన్నచో పావుగంట శ్రమతో చైను చాలకాలము మన్నును.