పంచాయతీ గోడ మీది నోటీసు

బాగేపల్లిలో గానీ, పావగడలో గానీ, చింతామణి, ముళబాగిలు, సిరుగుప్ప వైపు గానీ ఉండే మీకు రెండు దృశ్యాలు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. నిన్నటిదాకా వేరుశెనగ వేసిన చేలో ఇవాళ సున్నపు గీతలూ, రంగు పూసిన హద్దురాళ్ళూ కనబడతాయి. ఆ చేను గట్టు మీదనే కొన్నాళ్ళకు ఎర్రటి, తెల్లటి పట్టీలు వేసిన ఇనుప స్తంభం లేస్తుంది. మొదటిది లేఅవుట్, రెండవది సెల్ టవర్. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం మొదలైన తర్వాత బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం మీదుగా మన వైపు వచ్చే పెద్ద రోడ్డుకు రెండు పక్కలా ఈ మార్పు ఎంత వేగంగా వచ్చిందో మీరు కళ్ళారా చూశారు.

ఇవన్నీ ఎవరు నిర్ణయిస్తారు? ఎక్కడ నిర్ణయిస్తారు? ఆ నిర్ణయంలో మన మాటకు చోటు ఉందా? ఈ మూడు ప్రశ్నలే ఈనాటి ప్రసంగానికి విషయం.

నేను బడిలో కన్నడమూ, తెలుగూ రెండూ చెప్పేవాణ్ణి. అందువల్ల పిల్లల తల్లిదండ్రులు కన్నడంలో వచ్చిన కాగితాలు తెచ్చి, "ఇదేందో కాస్త చూడండి సార్" అంటూ ఉంటారు. మాట్లాడే కన్నడం వీళ్ళందరికీ బాగానే వచ్చు. సంతలోనూ, బస్సులోనూ ఇబ్బందేమీ లేదు. చిక్కంతా ఆఫీసు కన్నడంతోనే. ఒక ఉదాహరణ చెబుతాను. పంచాయతీ నోటీసుల్లో చివర 'తకరారు ఇద్దల్లి' అని ఉంటుంది. అంటే అభ్యంతరం ఏదైనా ఉంటే ఇన్ని రోజుల్లోగా రాసి ఇవ్వండి అని అర్థం. మన తెలుగులో తకరారు అంటే పేచీ, తగాదా. "మాకెవరితోనూ తకరారు లేదు సార్, మనకెందుకు" అని నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నవారిని నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. ఆ ఒక్క మాట దగ్గర గడువు కాస్తా దాటిపోతుంది. అభ్యంతరం చెప్పడమంటే ఎవరితోనో పోట్లాటకు దిగడం కాదు. 'నివేశన' అంటే ఇంటి స్థలం, మనం సైటు అంటామే, అది. 'భూ పరివర్తనె' అంటే వ్యవసాయ భూమిని ఇతర అవసరానికి మార్చడం. 'ఉద్యానవన' పార్కు. 'నాగరిక సౌలభ్య నివేశన' అంటే బడికో, ఆసుపత్రికో, అంగన్‌వాడికో వదిలిపెట్టిన స్థలం. ఈ నాలుగు మాటలూ తెలిస్తే నోటీసులో సగం అర్థమైనట్టే.

ఇక లేఅవుట్ సంగతికి వద్దాం. కర్ణాటకలో పొలం ఇళ్ళ స్థలంగా మారాలంటే ముందు 1964 నాటి భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షను కింద జిల్లాధికారి, అంటే డిప్యూటీ కమిషనర్, అనుమతి ఇవ్వాలి. దీన్నే మనవాళ్ళు కన్వర్షన్ అంటారు. అది అయినంత మాత్రాన లేఅవుట్ అయిపోదు. రోడ్లు ఎక్కడ, పార్కు ఎక్కడ, మురుగు ఎటు పోతుంది అన్న నక్షాకు 1961 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం కింద విడిగా ఆమోదం ఉండాలి. ఇది రెండవ మెట్టు. మన దగ్గర మొదటి మెట్టు ఎక్కి రెండవది మరిచినవాళ్ళే ఎక్కువ. రెండూ ఎక్కకుండానే పహణి చూపించి గుంటల లెక్కన అమ్మేవాళ్ళూ ఉన్నారు. దానికే 'రెవెన్యూ సైటు' అని పేరు. పేరు వినడానికి ఏదో సర్కారు వారు ఇచ్చినట్టుగా ఉంటుంది గానీ, అందులో సర్కారు ప్రమేయం ఏమీ లేదు.

కొనేవాళ్ళు ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలు. ఎకరాకు 40 గుంటలు. గుంటకు 1,089 చదరపు అడుగులు. అంటే ఎకరాకు 43,560. ముప్పై నలభై సైటు 1,200 చదరపు అడుగులు. అంగుళం కూడా రోడ్డుకు వదలకుండా కోస్తే ఎకరాకు 36 సైట్లు వస్తాయి. సైట్ల ముందు 30 అడుగుల రోడ్డు వేశారనుకోండి. అందులో సగం ఈ వైపు సైటు ఖాతాలో, సగం ఆ వైపు సైటు ఖాతాలో పడుతుంది. అప్పుడు ఒక్కో సైటుకు 1,650 అడుగులు కావాలి. ఎకరాకు 26 మాత్రమే వస్తాయి. అడ్డ రోడ్లు, పార్కు, బడికి వదిలే స్థలం తీసేస్తే 20 ప్రాంతంలో తేలుతుంది. ఎవరైనా ఎకరాలో 30 సైట్లు వేశామని చెబితే, వాటికి తప్ప మిగిలేది ఒక్కో సైటుకు 252 చదరపు అడుగులే. రోడ్డు ఎంత వెడల్పు ఉంటుందో, పార్కు ఎక్కడ ఉంటుందో మీరే ఊహించుకోండి. ఏడో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. పెద్దలు చేయరు, ధర తక్కువగా ఉంది కనుక.

తర్వాత కాగితాల సంగతి. 2013లో గ్రామ పంచాయతీల కోసం ఇ-స్వత్తు అనే కంప్యూటరు పద్ధతి వచ్చింది. ఫారం 9, ఫారం 11ఎ అనేవి సక్రమమైన స్థలాలకు ఇచ్చేవి. ఫారం 11బి వేరు. అది పన్ను వసూలు కోసం చేసే నమోదు. పన్ను రశీదు చేతిలో ఉంది కనుక లేఅవుట్‌కు ఆమోదం ఉన్నట్టే అనుకోవడం మన ఊళ్ళలో పాతుకుపోయిన భ్రమ. పంచాయతీ పన్ను కట్టించుకున్నంత మాత్రాన నక్షాను ఒప్పుకున్నట్టు కాదు. పైగా 2016 నాటి స్థిరాస్తి చట్టం, అంటే రెరా, ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను నమోదు చేయించకుండా అమ్మకానికి ప్రకటన కూడా ఇవ్వకూడదు. అంటే సుమారు ఐదు గుంటలు. కనుక "మాది చిన్న లేఅవుట్, దానికి అవన్నీ అక్కరలేదు" అన్న మాట చెల్లదు.

"రేపు ఎలాగూ అక్రమ-సక్రమలో సరిచేస్తారు" అనే ధీమా ఒకటి ఉంది. ఆ పథకాన్ని 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసిన సంగతి గుర్తుంచుకోండి. హొసూరు, కృష్ణగిరి వైపు శ్రోతలకు ఇలాంటి అనుభవమే ఉంది. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆమోదం లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆపమన్నప్పుడు, పెళ్ళికని దాచిన డబ్బు ప్లాటులో పెట్టినవారు అమ్ముకోలేక, ఇల్లు కట్టలేక నిలబడిపోయారు. తర్వాత 2017లో, 2016 అక్టోబరు 20కి ముందరి ప్లాట్లను క్రమబద్ధం చేయడానికి నియమాలు వచ్చాయి. ఆ తేదీ తర్వాత కొన్నవారికి ఆ దారి లేదు.

ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లనూ, పార్కునూ యజమాని స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. రాసి ఇచ్చాక అది ఊరి ఆస్తి. కానీ ఖాళీగా ఉన్న చోటు మీద అందరి కన్నూ పడుతుంది. ఇక్కడ బెంగళూరు సదాశివనగర్‌కు చెందిన ఒక కేసు గురించి చెప్పాలి. పార్కుకని ప్రణాళికలో కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ కట్టడానికి ఇచ్చారు. అక్కడ నివసించేవారు కోర్టుకు వెళ్ళారు. మొదట ఓడిపోయారు, పై బెంచిలో గెలిచారు. చివరికి 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు, పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచిదే కదా అని మీరు అనవచ్చు. మంచిదే. అయినా అది పార్కు స్థలం. ఆ పక్కన నివసించేవారికి ప్రశ్నించే హక్కు ఉందని కూడా కోర్టు ఒప్పుకుంది. నా దృష్టిలో ఈ రెండవ మాటే మొదటిదానికన్నా విలువైనది.

పార్కులోనో, బడి పక్కనో టవర్ వస్తుందన్నప్పుడు ముందుగా వచ్చే మాట రేడియేషన్. ఈ విషయం నిదానంగా చూడాలి. టవర్ నుంచి వెలువడేవి రేడియో తరంగాలు. ఇప్పుడు నా గొంతును మీ దగ్గరికి తెస్తున్నవి కూడా ఆ జాతివే. ఎక్స్‌రే కిరణాల వంటివి కావు. దూరం రెండింతలైతే వాటి తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. యాంటెన్నా తన శక్తిని లాంతరు స్తంభంలా కిందికి కాక, పక్కలకు పంపుతుంది. కాబట్టి సరిగ్గా టవర్ కింద తీవ్రత ఎక్కువ అన్న నమ్మకం సరి కాదు. ఇంకొక సంగతి. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట మన చేతిలోని ఫోనే తన శక్తి పెంచుకుని పనిచేస్తుంది, అదీ చెవికి ఆనించుకున్న ఫోను. టవర్‌ను ఊరికి దూరంగా తరిమి, గంటల తరబడి ఫోన్లో మాట్లాడేవారు ఈ మాట ఆలోచించాలి.

అలాగని భయమంతా అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు' అనే వర్గంలో చేర్చింది. రుజువైందని కాదు, కాదని తేల్చలేమని దాని అర్థం. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకు తగ్గించింది. అదే సంవత్సరం నవంబరులో రాజస్థాన్ హైకోర్టు బడుల, ఆసుపత్రుల దగ్గరి టవర్లు తొలగించమంది. 2017లో గ్వాలియర్‌లో ఒక టవర్‌ను ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది మే నెలలో కేంద్రం 'తరంగ్ సంచార్' అనే పోర్టల్ తెచ్చింది. మీ ఇంటి దగ్గరి టవర్ పరిమితిలో ఉందో లేదో అందులో చూసుకునే ఏర్పాటు, రుసుము కట్టి కొలిపించుకునే ఏర్పాటు చేసింది. వాదించుకోవడం కన్నా కొలిపించడం మేలని నా అభిప్రాయం.

కానీ రేడియేషన్ గొడవలో పడి మనం అడగవలసిన వేరే ప్రశ్నలు మరచిపోతున్నాం. ఆ మేడ టవర్ బరువు మోస్తుందా? ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం ఏది? డీజిల్ జనరేటర్ పొగ ఎవరి కిటికీలోకి వస్తుంది? రాత్రి దాని మోత ఎవరి నిద్ర చెడగొడుతుంది? ఈ ప్రశ్నలకు పంచాయతీ సభలో జవాబు దొరుకుతుంది. తరంగాల గురించి అడిగితే సభ్యులు బిక్కమొహం వేస్తారు.

చట్టం విషయంలో ఒక నిజం చెప్పక తప్పదు. టవర్ల మీద స్థానిక సంస్థల పట్టు ఏటికేడు సడలుతోంది. 2016 నవంబరు నియమాల ప్రకారం సంబంధిత సంస్థ 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. 2022 సవరణతో ప్రైవేటు స్థలంలో టవర్‌కు అనుమతే అక్కరలేకుండా, ముందుగా రాతపూర్వకంగా తెలియజేస్తే చాలని వచ్చింది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది. దాని కింద చేసిన నియమాలు 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. టవర్ల మీద ఆస్తి పన్ను వేయవచ్చని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అహ్మదాబాదు కేసులో చెప్పింది. కొత్త చట్టం 14వ సెక్షనేమో, స్థలంలో నిలబెట్టిన టెలికాం పరికరాలను పన్ను కోసం ఆ ఆస్తిలో భాగంగా లెక్కించకూడదంటోంది. పంచాయతీకి చిన్నదో పెద్దదో ఒక రాబడి ఉండేది. దానికి ఇలా ఎసరు రావడం నాకు న్యాయంగా తోచదు. ఊరి రోడ్డూ, ఊరి వీధిదీపమూ వాడుకునేవారు ఊరికి ఏదో ఇవ్వాలి కదా. ఏమైనా, పార్కు, బడి ఆవరణ, గోమాళం వంటి ప్రభుత్వ స్థలాలకు మాత్రం సంబంధిత సంస్థ అనుమతి కావలసిందే. మన అభ్యంతరానికి పదును అక్కడే ఉంది.

టవర్‌కు స్థలం ఇచ్చేవారికి ఒక హెచ్చరిక. "మీ చేలో టవర్ పెడతాం, నెలకు ఇంత అద్దె, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్లు, ఉత్తరాలు వస్తాయి. ట్రాయ్ ముద్ర ఉన్న కాగితం కూడా చూపిస్తారు. ట్రాయ్ టవర్లకు ఎలాంటి అనుమతి పత్రమూ ఇవ్వదు. స్థలం అద్దెకు తీసుకునేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ, మీ దగ్గర పుచ్చుకోవడం ఎక్కడైనా ఉందా? మా బడి పిల్లల్లో ఒకరి తండ్రి తెచ్చిన అసలైన ఒప్పందంలోనే, ఇరవై ఏళ్ళ గడువులో కంపెనీ ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు గానీ యజమాని చేయించరాదని ఉంది. అది పన్నెండో పేజీలో, ఇంగ్లీషులో. ఆయన మొదటి పేజీలో అద్దె మొత్తం చూసి సంతకానికి సిద్ధపడ్డాడు. పన్నెండో పేజీ చదివించి, ఆ షరతు మార్పించుకున్నాకే సంతకం పెట్టాడు.

చివరిగా భాష విషయం. కన్నడం రాయలేమని వెనకాడవద్దు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులో రాసినందుకు తోసిపుచ్చడానికి వీల్లేదు. భాషా అల్పసంఖ్యాకులు నూటికి 15 మందికి తగ్గకుండా ఉన్న చోట ముఖ్యమైన నోటీసులు వారి భాషలో కూడా ప్రకటించాలన్న రక్షణ ఉంది. పంచాయతీ వారిని అడగండి. అయితే తెలుగు అర్జీకి కన్నడ అనువాదం జతచేస్తే పని త్వరగా అవుతుందని అనుభవం మీద చెబుతున్నాను. మీ ఊరి బడిలో ఎవరో ఒకరు రాసిపెడతారు. లేఅవుట్ నక్షా నకలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అర్జీలో సర్వే నంబరు, నోటీసు తేదీ తప్పకుండా రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి పి.డి.ఓ. గారికి ఇచ్చి, రెండవదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.