తీగలలోని రద్దీ

హైదరాబాదులోని ఆబిడ్స్ కూడలికి చేరువలో గన్‌ఫౌండ్రీ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగుల కార్ఖానా నడిపించాడు. ప్రాంతానికి ఆ పేరే నిలిచింది. 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తన తొలి శాఖను ఇక్కడే ప్రారంభించింది. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా పేరు మారిన ఆ సంస్థ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది.

ఆ తొలినాళ్లలో ఏ శాఖ లెక్కలు ఆ శాఖ పుస్తకాలలోనే ఉండేవి. ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి దశకంలో మన బ్యాంకులు కోర్ బ్యాంకింగ్ విధానానికి మారడంతో ఖాతాలన్నీ కేంద్ర కంప్యూటర్లకు చేరాయి. పింఛను తీసుకోవడానికి వచ్చిన వృద్ధునికి సొమ్ము ఇవ్వాలన్నా శాఖలోని కంప్యూటర్ కేంద్రాన్ని సంప్రదించవలసిందే. మధ్యనున్న తీగ కిక్కిరిస్తే కౌంటరు ముందు వరుస పెరుగుతుంది. లోపం తీగలో ఉన్నదా, కేంద్ర యంత్రంలో ఉన్నదా? కంటికి కనిపించని ఆ రద్దీని కొలిస్తేనే సమాధానం దొరుకుతుంది.

కంప్యూటర్లను కలిపే స్విచ్, రౌటర్ వంటి పరికరాలలో తీగలు చేరే ద్వారాలను పోర్టులంటారు. ప్రతి పోర్టుకు వచ్చిన, వెళ్లిన సమాచారాన్ని బైట్లలో లెక్కించే గణకాలు ఆ పరికరంలోనే ఉంటాయి. ఇవి మన ఇంటి విద్యుత్ మీటరు వంటివి. మీటరు మొత్తం వాడకాన్ని మాత్రమే చూపుతుంది. రెండు రీడింగుల తేడాయే ఆ నెల ఖర్చు. అట్లే పర్యవేక్షక సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఐదు నిమిషాలకొకసారి గణకాన్ని చదువుతుంది. అందుకు 1988లో రూపొందిన ఎస్.ఎన్.ఎం.పి. అనే నియమావళి తోడ్పడుతుంది. ఉదాహరణకు 10 గంటలకు, 10 గంటల 5 నిమిషాలకు చదివిన అంకెల తేడా 3,75,00,000 బైట్లు అనుకుందాం. దానిని 300 సెకన్లతో భాగించి, బైటుకు 8 బిట్ల చొప్పున గుణిస్తే సెకనుకు 10 లక్షల బిట్లు వస్తాయి. అంటే 2 మెగాబిట్ల తీగలో సగం నిండినదన్నమాట.

ఇట్టి అంకెలను రేఖాచిత్రంగా మలచిన తొలి ప్రసిద్ధ సాధనం ఎం.ఆర్.టి.జి. టోబియాస్ ఓటికర్ 1994లో ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో, సెకనుకు 64 వేల బిట్ల తీగ ఒక్కటే ఉన్నచోట, దానిని ఆరంభించాడు. అందులో లోపలికి వచ్చే సమాచారం ఆకుపచ్చగా, వెలుపలికి వెళ్లేది నీలిరేఖగా కనిపిస్తుంది. కాక్టి వంటి సాధనాలు ఆ తరువాత వచ్చినవే.

రేఖ తీగ సామర్థ్యం వరకు పెరిగి, బల్లపరుపుగా సాగితే తీగ నిండిపోయినదని అర్థం. రేఖ కిందనే ఉండి పని నెమ్మదిస్తే లోపాన్ని ఇతరత్రా కూడా వెదకాలి.

అయితే రేఖాచిత్రాన్ని గుడ్డిగా నమ్మరాదు. తీగ ఒక నిమిషం పూర్తిగా నిండి, నాలుగు నిమిషాలు ఖాళీగా ఉన్నా ఐదు నిమిషాల సగటు ఇరవై శాతమే. రోజు సగటులనే చూపే సంవత్సర చిత్రంలో ఉదయం పదకొండు గంటల రద్దీ జాడ కూడా ఉండదు. అంతేకాదు, 32 బిట్ల గణకం సుమారు 429 కోట్ల బైట్లు దాటగానే మళ్లీ సున్నాకు వస్తుంది. గిగాబిట్ తీగ నిండుగా ప్రవహిస్తే ఇందుకు 34 సెకన్లు చాలు. ఐదు నిమిషాలకొకసారి చదివేవారికి అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. అందుచేత వేగవంతమైన పోర్టులకు 64 బిట్ల గణకాలను చదవాలి.

నాటి గుమాస్తా రోజు ముగిసేసరికి జమాఖర్చులు సరిచూసేవాడు. నేటి సాంకేతిక నిపుణుడు తీగల జమాఖర్చులను చూస్తున్నాడు. ఆ లెక్క ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఎరిగినప్పుడే వరుసలో నిలిచిన వృద్ధునికి మేలు కలుగుతుంది.