కారులో అక్కర్లేనివి తీసేద్దాం, తెలిసి తీసేద్దాం

కొత్త కారు ఇంటికొస్తుంది, కొబ్బరికాయ కొడతారు, నిమ్మకాయలు తొక్కిస్తారు. ఆ సంబరం కాస్త తగ్గాక ప్రశ్న మొదలవుతుంది. "తాతయ్యా, ఇందులో మాకు అక్కర్లేనివి బోలెడున్నాయి. మెరిసే పట్టీలు, కాళ్ల దగ్గర నీలం లైట్లు, కిట్ పేరుతో అంటగట్టిన సీటు కవర్లు. పీకేయొచ్చా?" జగ్గయ్యపేట పిల్లలూ ఇదే అడుగుతారు, నందిగామ పిల్లలూ ఇదే అడుగుతారు.

చాలావరకు పీకేయొచ్చు. డబ్బు పెట్టి కొన్న బండి మీది. అయితే దేన్ని ముట్టుకునే ముందైనా రెండు సంగతులు తెలియాలి. అది దేనితో పట్టుకుని ఉంది? ఏ పని చేస్తోంది? మొదటిది తెలియకపోతే వస్తువు విరుగుతుంది. రెండోది తెలియకపోతే మనిషికే దెబ్బ.

ముందు పట్టు సంగతి చూద్దాం. డోర్ ప్యాడ్లు, ప్లాస్టిక్ తొడుగులు ఎక్కువగా క్లిప్పుల మీద నిలబడతాయి. క్లిప్పు ఒక చిన్న స్ప్రింగు. రంధ్రంలోకి వెళ్లేటప్పుడు ముడుచుకుంటుంది, లోపలికి వెళ్లాక విచ్చుకుని పట్టేస్తుంది. దాన్ని ఇనప స్క్రూ డ్రైవర్‌తో పొడిచి లేపకూడదు. మొన సన్నం కాబట్టి మీ చేతి బలమంతా చుక్కంత చోట పడుతుంది, ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ పట్టీ దూర్చి, క్లిప్పుకి వీలైనంత దగ్గరగా, తిన్నగా లాగాలి. అంతకంటే ముందు దాగి ఉన్న మరలన్నీ విప్పారో లేదో చూసుకోవాలి. చాలా తొడుగులు విరిగేది మర ఒకటి మిగిలిపోయినందువల్లే.

వేళ కూడా ముఖ్యమే. చలికాలం తెల్లవారుజామున ప్లాస్టిక్ బిర్రుగా ఉంటుంది. దాని అణువుల గొలుసులు కదలలేవు, అందుకే వంగకుండా ఫట్టున విరుగుతుంది. మన వైపు మే నెల మధ్యాహ్నం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నందిగామ, జగ్గయ్యపేటల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు కదా. అద్దాల్లోంచి వెలుగు లోపలికి వస్తుంది, సీట్లనూ డ్యాష్‌బోర్డునూ కాలుస్తుంది. అవి తిరిగి విడిచే వేడి అద్దం దాటి తేలిగ్గా బయటికి పోలేదు. అందుకే మూసిన కారులో వేడి బయటికంటే ఎంతో ఎక్కువగా పేరుకుంటుంది. అప్పుడు లాగితే ప్లాస్టిక్ మెత్తబడి వంకర తిరుగుతుంది, ఆ వంకర అలాగే ఉండిపోతుంది. పొద్దెక్కాక, నీడలో, ప్లాస్టిక్ గోరువెచ్చగా ఉన్నప్పుడు చేయాల్సిన పని ఇది.

ఇక జిగురు. మెరిసే పట్టీలు, పేర్ల బిళ్లలు డబుల్ టేపుతో అంటించి ఉంటాయి. ఆ జిగురు బెల్లం పాకం లాంటిది. చల్లారితే గట్టిపడి, పట్టుకున్నదాన్ని ఊడబెరుకుతుంది. వెచ్చగా ఉంటే సాగుతుంది. కాబట్టి హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వెచ్చబెట్టి, గట్టి నైలాన్ దారాన్ని పట్టీ వెనక దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగండి. మిగిలిన మడ్డి మీద కొంచెం కొబ్బరినూనె రాసి, నానాక గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగేయండి. పెట్రోలు, థిన్నర్ మాత్రం వద్దు. అవి కొన్ని రకాల ప్లాస్టిక్‌లోకి దూరి అణువుల మధ్య పట్టు సడలిస్తాయి. అప్పటికప్పుడు ఏమీ కనపడకపోయినా తర్వాత పగుళ్లు రావచ్చు. వెనక అద్దం మీది ఫిల్మ్ తీసేటప్పుడు బ్లేడు వాడొద్దు. అక్కడ అడ్డంగా కనిపించే సన్న గీతలు అద్దం మీది మంచును పోగొట్టే తీగలు. గీత తెగితే అది ఇక వేడెక్కదు.

వైర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కాళ్ల దగ్గరి నీలం లైటు తీసేయాలనుకోవడం మంచి ఆలోచనే. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. చీకట్లో చూపునిచ్చే కణాలు నీలి ఆకుపచ్చ వెలుగుకే ఎక్కువ స్పందిస్తాయి, కాబట్టి ఆ లైటు రాత్రి చూపును తగ్గిస్తుంది. కానీ వైరు తెంపి వదిలేస్తే అది ఇనుముకు తగిలి షార్ట్ అవుతుంది. విప్పకుండా ఉంచినా కారు ఆపాక చుక్కచుక్కగా కరెంటు తాగే వస్తువులున్నాయి. లెక్క చూడండి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి ఆంపియర్‌లో పదో వంతు పోతుంటే 350 గంటల్లో, అంటే దాదాపు 15 రోజుల్లో, మొత్తం ఖాళీ. సగం తగ్గినా బండి స్టార్ట్ కావడం కష్టమే. పని మొదలుపెట్టే ముందు పది నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పండి. నెగటివే ముందు ఎందుకంటే, బండి ఒళ్లంతా దానికే కలిపి ఉంటుంది. పాజిటివ్ విప్పుతూ పానా ఒంటికి తగిలిందా, నిప్పులు రాలతాయి.

ఇప్పుడు రెండో సంగతి, ఏ పని చేస్తోందన్నది. స్టీరింగులో, డ్యాష్‌బోర్డులో, కొన్ని బండ్లలో సీటు పక్కన కూడా ఎయిర్‌బ్యాగులుంటాయి. గుద్దుకున్న క్షణంలో ఒక రసాయనం మండి వాయువు పుడుతుంది. సెకనులో వెయ్యో వంతులు ఓ 30 గడిచేలోపు సంచి ఉబ్బుతుంది. వాటికి పోయే వైర్ల కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. పసుపు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. బ్యాటరీ విప్పినా కాసేపు ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టెలో కరెంటు నిలవ ఉంటుంది. సీటు కుట్టు చీల్చుకుని వచ్చే సంచికి బిగుతైన కవరు అడ్డం పడుతుంది, కాబట్టి ఆ కవర్లు తీసేయడమే మేలు. ఎయిర్‌బ్యాగు మూత మీద అంటించిన దేవుడి బొమ్మను కూడా భక్తిగా తీసి పూజగదిలో పెట్టుకోండి. సంచి తెరుచుకుంటే ఆ బొమ్మ ముఖం మీదికే దూసుకొస్తుంది.

కింద వేసే చాపలను చిన్నవిగా చూడకండి. 2009 ఆగస్టులో అమెరికాలోని శాండియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో వేరే మోడల్ బండి చాప వేసి ఉంది. యాక్సిలరేటర్ పెడల్ దాంట్లో ఇరుక్కుపోయి నలుగురు చనిపోయారు. తర్వాత టయోటా సుమారు 38 లక్షల బండ్లకు చాపల విషయంలో రీకాల్ ప్రకటించింది. చాప మీద చాప వేసి ఉంటే పైది ఇవాళే తీసేయండి.

మరి, బెల్టు పెట్టుకోకపోతే, వేగం పెరిగితే కుయ్‌కుయ్‌మనే చప్పుడును తీసేయొచ్చా? మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు గుర్తుచేసే చప్పుడు, వేగం హెచ్చరిక తప్పనిసరి. వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. గరికపాడు నుంచి చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల మీదుగా హైవేలో పోతుంటే విసుగ్గానే ఉంటుంది. కానీ 80 నుంచి 100కి వెళితే వేగం పావువంతే పెరుగుతుంది, ఢీకొనే శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆ లెక్క మన చెవికి గుర్తుచేయడానికే ఆ మోత. బెల్టు పెట్టుకోకుండానే బెల్టు చప్పుడు నోరు నొక్కే క్లిప్పులు అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించింది. సీటు మీది తలదిండు కూడా తీయొద్దు, వెనక నుంచి బండి గుద్దితే మెడను ఆపేది అదే. అద్దం మీది ఫాస్టాగ్‌ను గోకారంటే లోపలి యాంటెన్నా చిరిగి టోల్‌గేటు దగ్గర ఆగిపోతారు.

అందంగా లేదని తీయండి, అడ్డంగా ఉందని తీయండి, కానీ ప్రాణం కాపాడేదాన్ని చప్పుడు చేస్తోందని తీయకండి. క్లిప్పులు, జిగురు పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు. వైరు పని తెలిసిన మెకానిక్‌కి ఇచ్చి, పక్కనే నిలబడి ఏది ఎందుకు విప్పుతున్నాడో అడిగి తెలుసుకోండి. తీసిన ముక్కలూ మరలూ ఒక డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పెట్టండి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు అవి అడుగుతారు.