సీటుకు కర్చీఫ్ వేసిన సక్సినేట్

2018 మార్చిలో ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అని చెప్పాక, ‘న్యూరో’ అంటే ప్రతిసారీ మెదడే కాదని కూడా ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. ‘సైనికుడు’లో మహేశ్‌బాబుతో తలపడ్డ నటుడాయన. ఈ గడ్డలు హార్మోన్లు వదిలే కణాల్లో పుడతాయి: పేగులు, క్లోమం, ఊపిరితిత్తులు, ఎడ్రినల్ గ్రంథి. అన్నీ వంశపారంపర్యం కావు. అయ్యేవాటి చుట్టూ అపోహలు మాత్రం ఎక్కువ.

అపోహ: గడ్డలో కనిపించే మిథైలేషన్ కూడా తల్లిదండ్రులు ఇచ్చిందే.

వాస్తవం: వాళ్లిచ్చేది జన్యువులో అచ్చుతప్పు. మిథైలేషన్ అక్షరాన్ని మార్చదు. సైటోసిన్ మీద చిన్న రసాయన గుర్తు పెట్టి, చాలాసార్లు జన్యువు నోరు నొక్కేస్తుంది. ఎడ్రినల్‌లో వచ్చే ఫియోక్రోమోసైటోమానూ, దాని దాయాది పారాగ్యాంగ్లియోమానూ చూడండి. కొన్ని కుటుంబాల్లో ఎస్‌డీహెచ్‌బీ జన్యువు ఒక కాపీ పుట్టుకతోనే చెడి ఉంటుంది. ఏదో ఒక కణంలో రెండో కాపీ కూడా పోతే ఆ జన్యువు సాయంతో ఖర్చు కావాల్సిన సక్సినేట్ అనే పదార్థం అలాగే పేరుకుంటుంది. మిథైల్ గుర్తుల్ని చెరపడం మొదలుపెట్టేవి టెట్ ఎంజైములు. వాటికి ఆల్ఫా-కీటోగ్లూటరేట్ కావాలి. సక్సినేట్ పోలికలు కూడా అవే కదా, బస్సులో కర్చీఫ్ వేసినట్టు ఆ సీటు ఆపేస్తుంది. ఇక చెరిపే దిక్కు లేక గుర్తులు కుప్పపడతాయి. ప్యారిస్ పరిశోధకులు 2013లో దీన్ని చూపించారు. ఆర్‌ఈటీ, ఎన్‌ఎఫ్1 జన్యువులు చెడి వచ్చిన గడ్డల్లో ఈ కుప్ప కనిపించదు.

అపోహ: అమ్మకు చెడిన జన్యువుంటే బిడ్డకు గడ్డ ఖాయం.

వాస్తవం: ఎస్‌డీహెచ్‌బీకి చుట్టమైన ఎస్‌డీహెచ్‌డీ జన్యువు విషయంలో ఇది దాదాపు తలకిందులు. నాన్న నుంచి వస్తేనే ముప్పు. అమ్మ నుంచి వస్తే గడ్డ చాలా అరుదు. అలాగని ఊపిరి పీల్చుకోలేం. అమ్మ నుంచి తెచ్చుకుని ఆరోగ్యంగా తిరిగే కొడుకు రేపు తండ్రయితే, అతని పిల్లలకు ముప్పు మళ్లీ మొదలు. ఒక తరం దాటేసిందని ఇంట్లో సంబరపడేది ఇక్కడే.

అపోహ: మ్యుటేషన్ దొరకలేదంటే జన్యువు బాగున్నట్టే.

వాస్తవం: కార్నీ ట్రయాడ్ అనే అరుదైన జబ్బులో చాలామందికి, అదే కుటుంబపు ఎస్‌డీహెచ్‌సీ జన్యువు అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. జన్యువు ముందున్న స్విచ్చు మీదే మిథైల్ గుర్తులు. ఫలితం అదే: పేరుకుపోయిన సక్సినేట్.

అపోహ: పొడులూ కషాయాలతో ఈ గుర్తుల్ని కడిగేయొచ్చు.

వాస్తవం: కడిగినట్టు రుజువు లేదు. చెడిన జన్యువున్న కుటుంబాల్లో అక్కరకొచ్చేవి రక్తంలోనో మూత్రంలోనో మెటనెఫ్రిన్లనే హార్మోన్ అవశేషాల పరీక్ష, బీపీ చూడటం, డాక్టరు చెప్పిన గడువుల్లో ఎమ్మారై.