సున్నపురాతి నేలలో ఈతకొలను

బాత్‌రూం కడిగే యాసిడ్ చుక్క ఒకటి తాండూరు బండ మీద పడితే బుసబుసా పొంగుతుంది. తుడిచేశాక అక్కడ నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. తాండూరు, బషీరాబాద్ వైపు ఏ ఇంట్లో అడిగినా ఈ సంగతి తెలుసు. బండ అంటే సున్నపురాయి, రసాయన భాషలో కాల్షియం కార్బొనేట్. యాసిడ్ తగిలితే కరిగి, కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది.

ఇదే పని నేలకింద చడీచప్పుడు లేకుండా జరుగుతుంటుంది. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లమవుతుంది. దారిలో తగిలిన రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుని బోరులోకి చేరుతుంది. బిందె అంచున, గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిపడేది ఆ రాయే. ‘మా నీళ్లలో ఉప్పెక్కువ’ అని సరిపెట్టుకుంటాం గానీ అందులో ఎక్కువ భాగం సున్నమే. అనంతగిరి కొండల వైపు నల్లరాయి, ఎర్రమట్టి. పడమటికి దిగితే నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోట్‌లో సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ. జిల్లా ఒకటే అయినా నీళ్లు ఒకటి కావు. అందుకే ఫామ్‌హౌస్‌లో ఈతకొలను కట్టించుకున్నవాళ్లు హైదరాబాద్ గ్రానైట్ నేలలో కుదిరిన మోతాదులను ఇక్కడికి తెచ్చుకుంటే పని జరగదు.

ముందు ఫిల్టర్ సంగతి. ఇళ్లలో పెట్టేది ఎక్కువగా ఇసుక ఫిల్టరే. డ్రమ్ములాంటి తొట్టిలో అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉండే ఇసుక రేణువులు నింపి, మోటారుతో నీటిని పైనుంచి కిందికి తోస్తారు. 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉన్న మలినం అందులో చిక్కుకుంటుంది. బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లే కాబట్టి దర్జాగా దాటిపోతుంది. విచిత్రమేమిటంటే, కాస్త మురికి పట్టిన ఇసుకే కొత్త ఇసుక కన్నా బాగా వడకడుతుంది, ఎందుకంటే చిక్కుకున్న మురికి సందులను ఇంకా సన్నం చేస్తుంది. అందుకని రోజూ బ్యాక్‌వాష్ చేయడం, అంటే నీటిని ఎదురు తోసి ఇసుకను కడగడం, శుభ్రత కాదు, నీళ్ల దుబారా. శుభ్రంగా ఉన్నప్పుడు ప్రెజర్ గేజ్ ఎంత చూపిందో గోడ మీద రాసుకుని, ముల్లు అంతకన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగాకే బ్యాక్‌వాష్ చేయాలి. కరిగిన సున్నాన్ని మాత్రం ఎంత మంచి ఇసుకైనా ఆపలేదు.

క్రిములను చంపేది క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ వేసినా, మాత్ర వేసినా నీటిలో చివరికి తయారయ్యేది హైపోక్లోరస్ ఆమ్లం. అది పీహెచ్‌ను బట్టి రెండు రూపాల్లో ఉంటుంది. క్రిమి గోడను ఛేదించగల చురుకైన రూపం పీహెచ్ 7.2 దగ్గర మూడింట రెండొంతులు, 7.5 దగ్గర సగం, 8 దాటితే నాలుగో వంతు కూడా ఉండదు. మిగతాది చాలా మందకొడి. సున్నపు నీళ్లకు ఇక్కడే చిక్కు. బోరులోంచి పైకొచ్చిన నీరు కొలనులో గాలికి పరుచుకోగానే దానిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి పాకుతుంది, కరిగిన రాయి మళ్లీ రాయై టైల్స్ మీద, పైపుల్లో, ఇసుకలో పేరుకుంటుంది. బెలూం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు ఏర్పడిందీ ఈ తీరునే. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఇది ఇంకా జోరందుకుంటుంది. క్లోరిన్ వేస్తూనే ఉన్నా నీళ్లు మసకబారి పచ్చబడుతున్నాయంటే, మరో కిలో బ్లీచింగ్ తెచ్చేముందు పీహెచ్ చూడాలి.

బ్లీచింగ్ పౌడర్ పుట్టుక కూడా సున్నంలోనే. 1799లో స్కాట్లండ్‌కు చెందిన చార్లెస్ టెనెంట్ ఆర్పిన సున్నపు పొడికి క్లోరిన్ పట్టించి దానికి పేటెంట్ తీసుకున్నాడు. అంటే సున్నపు నీళ్లలో పొడి సున్నం చల్లుతున్నామన్నమాట. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు కొలనులో సుమారు 22,600 లీటర్లు పడతాయి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 30 శాతం పౌడర్ 150 గ్రాములు పడుతుంది. వాడక తప్పదంటే బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయాలి. నన్నడిగితే హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణమే మేలు. కరోనా రోజుల్లో వీధుల్లో పిచికారీ చేసిందదే. అందులో కాల్షియం ఉండదు. కాకపోతే ఎండకు బలం పోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కొనుక్కోవాలి. ఏ రకమైనా పొద్దుగూకాక వేయాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో రక్షణ లేని క్లోరిన్ గంట తిరిగేసరికి సగం కన్నా తక్కువే మిగులుతుంది.

పీహెచ్ దించడానికి వాడేది మొదట్లో బండను పొంగించిన హైడ్రోక్లోరిక్ యాసిడే. బకెట్ నీళ్లలో కొంచెం కొంచెంగా పోసి పలుచన చేసి, మోటారు నడుస్తుండగా లోతు వైపు వదలాలి. గట్టుకు తాండూరు బండ పరిచి ఉంటే దూరంగా నిలబడి పోయడం మంచిది. యాసిడ్ పోసిన బకెట్‌లో బ్లీచింగ్ ఛాయలకు కూడా రాకూడదు. రెండూ కలిస్తే వెలువడేది ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు.

ఎంత పక్కాగా చేసినా అన్నీ చావవు. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల పరాన్నజీవి మామూలు క్లోరిన్‌లో పది రోజులు కూడా బతకగలదు. బిడ్డకు విరేచనాలు కట్టి రెండు వారాలు కాకుండా కొలనులో దింపకపోవడమే దానికి విరుగుడు. కేరళలో 2024లో పిల్లలను పొట్టనబెట్టుకున్న ‘మెదడు తినే అమీబా’ రకాలు మాత్రం క్లోరిన్ తగ్గకుండా చూసుకుంటే లొంగుతాయి. పట్టించుకోకుండా వదిలేసిన వెచ్చటి నీళ్లే వాటికి ఇల్లు.

ఇక ఎవరూ లెక్కవేయనిది ఆవిరి. మే నెల ఎండకు రోజుకు సెంటీమీటరు నీరు తగ్గిందనుకుంటే, మనం చెప్పుకున్న కొలనులో అది 186 లీటర్లు. ఆవిరయ్యేది నీరే, సున్నం కొలనులోనే ఉండిపోతుంది. తగ్గినంతా లీటరుకు 400 మిల్లీగ్రాముల కఠినత్వమున్న బోరు నీటితో నింపితే నెలకు రెండు కిలోల పైచిలుకు సున్నం కొత్తగా చేరుతుంది. లీటరుకు దాదాపు 100 మిల్లీగ్రాములు పెరిగినట్టు. కొలనుకు 200 నుంచి 400 దాకా మంచిదంటారు, మనం బయల్దేరిందే 400 దగ్గర. దీనికి మందు డబ్బాలో దొరకదు. రాత్రిళ్లు కొలను మీద పట్టా కప్పితే ఆవిరి తగ్గుతుంది. జూన్ వానలు పట్టుకున్నాక మూడో వంతు నీరు తోడేసి, ఇంటి కప్పు మీది వాన నీటితో నింపుకోవచ్చు. మొదటి వాన దుమ్ముతో దిగుతుంది కాబట్టి దాన్ని వదిలేసి తర్వాతివి పట్టుకోవాలి. తోడిన నీటిని కంది చేలోకి వదిలేముందు టెస్ట్ కిట్‌లో క్లోరిన్ రంగు కనపడకుండా పోయే వరకూ ఆగాలి.