బొగ్గు నుంచి వాయువు: నిర్మాణానికి ముందు గణిత నమూనా ఆవశ్యకత

హైదరాబాదు: మన దేశంలో బొగ్గు నిక్షేపాలు సమృద్ధిగా ఉన్నవి. అయితే ఈ బొగ్గులో బూడిద పాలు అధికం. వంద కిలోల బొగ్గులో సాధారణంగా 30 నుంచి 45 కిలోల వరకు బూడిదే ఉంటున్నది. 2030 నాటికి 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యంగా నిర్ణయించినది. ఇందుకు 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించినది. ఈ దృష్ట్యా మన బొగ్గుకు తగిన రియాక్టరును ఎంచుకోవడం, దాని పనితీరును ముందుగానే అంచనా వేయడం ముఖ్యమైన అంశాలు.

పని చేసే విధానం

జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ వింక్లర్ 1920 దశకంలో రూపొందించిన ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతిలో, చిన్న ముక్కలుగా నలగగొట్టిన బొగ్గు గుండా అడుగు నుంచి ఆవిరిని, గాలిని లేదా ఆక్సిజన్‌ను పంపుతారు. ఒక వేగానికి చేరగానే ఆ రేణువులు తెర్లుతున్న ఎసరు వలె కదలాడుతాయి. కొంత బొగ్గు మండగా వెలువడే వేడితో మిగిలిన బొగ్గు ఆవిరితో చర్య జరిపి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌లను ఇస్తుంది. ఉష్ణోగ్రతను సుమారు 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుతారు. అందువలన బూడిద కరగక పొడిగానే బయటకు వస్తుంది. బూడిద అధికంగా గల బొగ్గుకు ఈ పద్ధతి అనుకూలం కావడానికి ఇదే కారణం.

నమూనాలో ఏముంటుంది?

రియాక్టరులో వాయువు కొంత బుడగలుగా వేగంగా పైకి పోతుంది. కొంత రేణువుల మధ్యగా నెమ్మదిగా సాగుతుంది. గణిత నమూనా ఈ రెండు భాగాలనూ వేరువేరుగా పరిగణించి, వాటి మధ్య జరిగే వాయు మార్పిడిని, రసాయన చర్యల వేగాన్ని, వేడి జమాఖర్చులను లెక్కిస్తుంది. బొగ్గు సంఘటన, రేణువుల పరిమాణం, ఆవిరి, గాలి పాళ్లు ఇచ్చినచో, వెలువడే వాయువు కూర్పు, బూడిదతో వృథాగా పోయే కార్బన్ ఎంతో తెలుస్తుంది.

చిన్న రియాక్టరు ఫలితాలను గుణించి పెద్దదాని ఫలితాలుగా భావించరాదు. పెద్ద రియాక్టరులో బుడగలు మరింత పెరిగి, వాటిలోని వాయువు బొగ్గును తగినంతగా తాకకుండానే పైకి వెళ్లిపోగలదు. కనుక ప్రయోగశాలలోను, పైలట్ ప్లాంటులోను కొలిచిన విలువలతో నమూనాను సరిచూసిన తరువాతనే పెద్ద నిర్మాణానికి పూనుకోవలసి ఉంటుంది. గని మారితే బొగ్గు గుణం మారుతుంది గనుక ఆ కొలతలు కూడా మళ్లీ తీసుకోవాలి.

హైదరాబాదులో ప్రయోగం

ఈ దిశలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ లిమిటెడ్ హైదరాబాదులో 2021లో ఒక ప్రయోగాన్ని విజయవంతంగా నిర్వహించినది. రోజుకు 1.2 టన్నుల సామర్థ్యం గల ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫయరులో, బూడిద అధికంగా గల భారతీయ బొగ్గు నుంచి రోజుకు 0.25 టన్నుల మిథనాల్ తయారీని ప్రదర్శించినది.

రామగుండంలో బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి 1999లో మూతపడినది. అక్కడి గ్యాసిఫయర్లు వేరొక తరహావి. అదే ప్రాంగణంలో 2021 నుంచి యూరియా సహజవాయువుతో తయారవుతున్నది. ఒక కర్మాగారం మూతపడితే దానిపై ఆధారపడిన కుటుంబాలన్నీ నష్టపోతాయి. బొగ్గు వాయువు తయారీలో కార్బన్ డయాక్సైడు కూడా వెలువడుతుంది. దానిని పట్టి ఉంచే ఏర్పాటుకయ్యే వ్యయాన్ని సైతం ముందుగానే లెక్కలో చేర్చవలసి ఉన్నది.

(సమాచార, పౌర సంబంధాల శాఖచే జారీ చేయబడినది)